జిగ్గుకీ అచ్చుకీ ప్లైవుడ్: వాళ్లు ముఖం చూపిస్తారు, మీరు అంచు చూడండి

ప్లైవుడ్ అమ్మేవాళ్లు షీటు నిలబెట్టి ఎప్పుడూ ముఖమే చూపిస్తారు. నునుపుగా, మచ్చ లేకుండా, పైనుంచి కిందదాకా ఒకే రంగులో ఉంటుంది. బీరువా తలుపుకైతే అది చాలు. జిగ్గుకి, అంటే పని ముక్కనో పనిముట్టునో ప్రతిసారీ ఒకేచోట నిలిపే సాధనానికి, ఆ ముఖంతో పెద్దగా పనిలేదు. రౌటర్ (చెక్కలో గాడులు, అంచులు తీసే మిషను) బిట్ బేరింగ్ దొర్లేది అంచు మీద. టాగిల్ క్లాంపు (మీట వేసి పని ముక్కని నొక్కిపట్టే బిగింపు) స్క్రూలు పట్టుకునేది లోపలి పొరల్ని. అచ్చు (వస్తువుకి ఆకారమిచ్చే మూస) మీద వాక్యూమ్ లాగినప్పుడు గాలి దూరేది లోపలి గుల్లల్లోంచి, అంటే పొరల్లోని ఖాళీల్లోంచి. వర్క్‌షాపు పనికి మామూలుగా దొరికే ప్లై రకాల్ని ఈ లెక్కన బేరీజు వేస్తే, ముఖాన్ని బట్టి వేసే గ్రేడు వరస చాలావరకు తలకిందులవుతుంది.

బిర్చ్: మొదటి స్థానం, కొన్ని షరతులతో

జిగ్గులకు బిర్చ్‌ని మించింది ఇంకా రాలేదు. ఇక్కడ బిర్చ్ అంటే ప్రతి పొరా బిర్చ్ చెట్టు చెక్కే అయిన షీటు. పొర మందం సుమారు 1.4 మి.మీ. ఉంటుంది. 12 మి.మీ. షీటులో 9 పొరలు, 15లో 11, 18లో 13, 24లో 17 వస్తాయి. మధ్య పొరకి అటూ ఇటూ సమానంగా ఉంటేనే షీటు వంకర పోకుండా నిలుస్తుంది కాబట్టి లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే. పొరలు లెక్కపెట్టడానికి అర నిమిషం చాలు. 18 మి.మీ. షీటులో లెక్క ఏడు దగ్గరో తొమ్మిది దగ్గరో ఆగిపోతే, పై పొర ఎంత తెల్లగా మెరిసినా అది జిగ్గు సరుకు కాదు.

లెక్క సరిపోయినా ఒక మోసానికి చోటుంది. పై పొర మాత్రం బిర్చ్, లోపలంతా పాప్లర్ లేదా యూకలిప్టస్. 'బాల్టిక్ బిర్చ్' అన్న పేరు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా షీటు మీద అచ్చేసుకోవచ్చు. 2022లో రష్యా ప్లైవుడ్ దిగుమతిని యూరోపియన్ యూనియన్ నిషేధించాక బిర్చ్ సరఫరా దారులు మారిపోయాయి. అందుకని ఇప్పుడు పేరు నమ్మి కొనడం మరీ ప్రమాదం. కోసిన అంచుని 120 నంబరు శాండ్‌పేపర్‌తో నాలుగుసార్లు రుద్ది, తడిగుడ్డతో తుడిచి చూడండి. అసలు బిర్చ్‌లో అన్ని పొరల రంగూ ఒకే కుటుంబంలో ఉంటుంది, మందం దాదాపు సమానం. మిశ్రమ సరుకులో పై పొర అర మిల్లీమీటరు కన్నా పల్చగా, గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది.

బరువు కూడా కొంత చెబుతుంది. 1220×2440 మి.మీ. కొలతలో 18 మి.మీ. బిర్చ్ షీటు సుమారు 36 కిలోలు తూగుతుంది. పాప్లర్ గుజ్జుదైతే (గుజ్జు అంటే లోపలి పొరలు) 27 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. కానీ గట్టి యూకలిప్టస్ లోపల పెడితే తూకం బిర్చ్‌తో సమానంగా రావచ్చు. అందుకే తూకం ఒక్కటే చూసి నిర్ణయించకూడదు.

గ్రేడు అక్షరాల గురించి పెద్దగా తలకెక్కించుకోనక్కర్లేదు. బిర్చ్ మీద కనిపించే బి, బీబీ, సీపీ, సీ అన్నవి ప్రధానంగా ముఖాల గ్రేడ్లు. బీబీలో కోడిగుడ్డు ఆకారంలో అతుకులుంటాయి. జిగ్గుకి ఆ అతుకులతో ఏ నష్టమూ లేదు. ఒకవైపు బీబీ, రెండోవైపు సీపీ ఉన్న షీటు తీసుకుని, మిగిలిన డబ్బు ఇంకో షీటుకి పెట్టడం తెలివైన పని. రెసిన్ లేదా వెనీర్ (పలచని చెక్క పొర) నేరుగా తగిలే అచ్చు ముఖానికి మాత్రం అతుకు పనికిరాదు. తేమ మారినప్పుడు దాని అంచు వెంట్రుకవాసి లేచి, ఆ గీత వస్తువు మీద అచ్చుగుద్దినట్టు దిగుతుంది.

ఇక మందం. 18 మి.మీ. అని రాసి ఉన్నంత మాత్రాన అది 18 కాదు. ఫిన్లండ్ తయారీదారులు బిర్చ్‌కి పాటించే పరిమితి 17.1 నుంచి 18.1 మి.మీ. వరకు, 12కి 11.5 నుంచి 12.5, 15కి 14.3 నుంచి 15.3. ఇది లోపం కాదు, ఆ సరుకు తీరే అంత. లోపం ఎక్కడంటే, 18 మి.మీ. బిట్‌తో గాడి తీసి అందులో 17.4 షీటు దించి, జిగ్గు కదులుతోందని ప్లైని తిట్టుకోవడంలో. 12 మి.మీ. బిట్‌తో రెండు దఫాలుగా, చేతిలో ఉన్న ముక్క కొలతకే గాడి తియ్యాలి.

ప్రతి షీటునీ కాలిపర్‌తో ఎనిమిది చోట్ల కొలవండి. నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్య భాగాలు. కొలిచే చోటు అంచు నుంచి కనీసం 20 మి.మీ. లోపలికి ఉండాలి. ఫ్యాక్టరీ శాండింగ్‌లో అంచులు కాస్త ఎక్కువ అరుగుతాయి కనుక చివర్న కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒకే షీటులో తేడా 0.3 మి.మీ. లోపుంటే మంచి సరుకు. 0.5 దాటితే బేస్ పలకకి వాడొద్దు, అడ్డ బద్దలకి మళ్లించండి. కొలత పెన్సిల్‌తో షీటు మీదే రాసిపెట్టుకుంటే నెల తర్వాత కూడా మళ్లీ కొలవక్కర్లేదు.

తేమ ప్రభావం కూడా తెలిసి ఉండాలి. బిర్చ్ ప్లైలో తేమ 1 శాతం మారితే పొడవు, వెడల్పులు సుమారు 0.015 శాతం, మందం 0.3 నుంచి 0.4 శాతం మారతాయి. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య 5 శాతం తేడా వచ్చిందనుకోండి: మీటరు పొడవు జిగ్గు ముప్పావు మిల్లీమీటరు సాగుతుంది, 18 మి.మీ. మందం 0.3 మి.మీ. పెరుగుతుంది. బిగుతుగా దించిన గాడి వానాకాలంలో ఊడిరానంటుంది అంటే కారణం ఇదే. ఘనచెక్కతో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయినా పొడవాటి డ్రిల్లింగ్ జిగ్గులో బెజ్జాల దూరం కచ్చితంగా నిలవాలంటే బెజ్జాలున్న పట్టీని అల్యూమినియంతో చేసి ప్లైకి బిగించడమే దారి. ఆ పట్టీకి ఒక చివర గుండ్రటి బెజ్జం, రెండో చివర పొడవాటి బెజ్జం పెట్టండి. లేకపోతే సాగే ప్లై, సాగని లోహం రెండూ కలిసి విల్లులా వంగుతాయి.

టెంప్లేట్లకు, అంటే రౌటర్ అంచు వెంట నడిచి అదే ఆకారం కోసే నమూనా పలకలకు, 12 మి.మీ. సరైన మందం. చాలా బేరింగ్ బిట్లకి ఇది సరిపోతుంది. రౌటర్ గైడ్ బుష్ (బిట్ చుట్టూ ఉండి టెంప్లేటు అంచుకి ఆనే గొట్టం) కిందికి 10 మి.మీ. పొడుచుకొచ్చేదైతే, 9 మి.మీ. టెంప్లేటులో అది పని ముక్కకి తగిలి రౌటర్ లేచి నిలుస్తుంది. 18 వాడితే పొట్టి బిట్ అందదు. బేరింగ్ దారిలో గుల్ల ఉంటే దాని లోతంత గాటు పని ముక్కలో పడుతుంది, అది కూడా ప్రతిసారీ అదే చోట. చెక్కపొడి కలిపిన ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే రెసిన్) కూరి, రాత్రంతా ఆరనిచ్చి, ఆకురాయితో సమం చేస్తే టెంప్లేటు నిలబడుతుంది. మామూలు లప్పం పెడితే బేరింగ్ ఒత్తిడికి వారంలో రాలిపోతుంది.

ఫిల్మ్ ప్లై: సగం పొగడ్త, సగం హెచ్చరిక

నల్లగానో ముదురు గోధుమరంగులోనో నిగనిగలాడే షీటు ఇది. ఫినాలిక్ రెసిన్‌లో నానబెట్టిన కాగితాన్ని వేడి ప్రెస్సులో రెండు ముఖాలకీ అతికిస్తారు. ఫిల్మ్ బరువు చదరపు మీటరుకి 120 గ్రాములైతే సాధారణ రకం, 220 అయితే ఎక్కువ సార్లు వాడుకునే రకం. కొనేటప్పుడు అడగాల్సింది ఈ అంకె. రంగుకీ నాణ్యతకీ సంబంధం లేదు.

గ్లూ-అప్ జిగ్గులకి, అంటే ముక్కల్ని జిగురుతో అతికించేటప్పుడు పట్టి ఉంచేవాటికి, దీన్ని మించింది లేదు. కారిన పీవీఏ జిగురు (చెక్కపనిలో వాడే తెల్ల జిగురు) ఆరాక పెచ్చులా ఊడొస్తుంది. రంపం బల్ల మీద సులువుగా జారుతుంది కనుక స్లెడ్ (పని ముక్కని మోసుకుంటూ బ్లేడు వైపు తోసే పలక) అడుగుకి బాగుంటుంది. కాంక్రీటు అచ్చుకైతే పుట్టిందే ఇందుకోసం. పని ముక్క ఆనే పై ముఖాన మాత్రం ఆ జారుడే శత్రువు. పని ముక్క ఆనే చోట 180 నంబరు శాండ్‌పేపర్ పట్టీ అతికించకపోతే బ్లేడు దాన్ని పక్కకి లాగేస్తుంది. మామూలు పెన్సిల్ గీత ఫిల్మ్ మీద కనపడదు. తెల్ల పెన్సిల్ వాడండి, లేదా మొనదేలిన సూదితో గీసి గీతలో సుద్ద రుద్దండి.

హెచ్చరిక విషయానికొస్తే, ఫిల్మ్ ప్లైలో ఎక్కువ భాగం సెంట్రింగ్ పనికోసం తయారవుతుంది. తడి కాంక్రీటు బరువు మోయడం దాని పని, 0.3 మి.మీ. మట్టం నిలుపుకోవడం కాదు. లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట ఫిల్మ్ కింద గట్లు లేస్తాయి. మామూలు వెలుతురులో ఇవి కనబడవు. టార్చి లైటుని షీటుకి దాదాపు ఆనించి అడ్డంగా వేస్తే నీడలు పడతాయి. అరచేతితో నెమ్మదిగా నిమిరినా చెయ్యి పట్టేస్తుంది.

అంతకన్నా పెద్ద సమస్య అంచు రంగు. ఫిల్మ్ షీట్ల నాలుగు అంచులకీ ఫ్యాక్టరీలోనే మందపాటి పెయింటు వేసి పంపుతారు. తేమ ఆపడానికే వేసినా, దాని కింద గుల్లలు, అతుకు ముక్కలు, పొడి జిగురు అన్నీ దాక్కుంటాయి. పాత ముక్కల్ని ఏరి, అతికించి, రెండోసారి ప్రెస్ చేసిన గుజ్జు కూడా ఆ పెయింటు వెనక కొత్త షీటులాగే ఉంటుంది. కాబట్టి ఫిల్మ్ ప్లైని కోసిన నమూనా చూడకుండా కొనొద్దు. 300 మి.మీ. చదరపు ముక్క అడగండి, షీటు మధ్య నుంచి తీసిందైతే మరీ మంచిది. నమూనా ఇవ్వడానికి ఇష్టపడని చోట ఒక్క షీటు మాత్రం కొని, అంచు 15 మి.మీ. కోసి చూసి, తర్వాతే మిగతా ఆర్డరు పెట్టండి. బిర్చ్ గుజ్జు మీద ఫిల్మ్ వేసిన రకం దొరికితే ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. ఖరీదు ఎక్కువే, కానీ రోజూ వాడే జిగ్గులకి అదే లాభం.

ఒకవైపు వల ముద్ర ఉన్న రకం లారీల అడుగు పలకలకోసం వస్తుంది. టెంప్లేటుకి దాన్ని పొరపాటున కూడా తీసుకోవద్దు, కాలిపర్ ఆ ముద్ర శిఖరాల్ని కొలిచి తప్పు అంకె చెబుతుంది. మృదువైన వైపు పని ముఖంగా, వలవైపు కిందకి పెట్టి జారని బేస్‌గా వాడుకుంటే మాత్రం బాగా పనికొస్తుంది.

కొయ్యడంలో రెండు జాగ్రత్తలు. 250 మి.మీ. బ్లేడుకి 60 నుంచి 80 పళ్లుండాలి. ఫిల్మ్‌కి ఒక పన్ను చదరంగా, తర్వాతి పన్ను మూలలు కోసినట్టుగా ఉండే ట్రిపుల్ చిప్ రకం బ్లేడు మేలు. ఏటవాలు పళ్ల బ్లేడు కూడా కోస్తుంది కానీ గట్టి ఫిల్మ్ మీద దాని మొనలు త్వరగా మొద్దుబారి, పెచ్చులు లేపడం మొదలుపెడుతుంది. బ్లేడు బయటికొచ్చే వైపు పలచని పలక ఆనించి కొయ్యండి. ఇక ఒకవైపు ఫిల్మ్ గీకేసి, రెండోవైపు ఉంచేసే పని ఎప్పుడూ చెయ్యొద్దు. గీకిన వైపు తేమ పీల్చుకుని, ఫిల్మ్ ఉన్న వైపు పీల్చుకోక, షీటు అప్పడంలా వంగుతుంది. మామూలు ప్లైకి ఒకే ముఖాన లామినేట్ అతికించినా, ఒకే వైపు వార్నిష్ వేసినా అదే ఫలితం.

మిగతావి, క్లుప్తంగా

మెరైన్ ప్లై (పడవల కోసం చేసే రకం) జిగ్గుకి అవసరం లేదు, తడి అచ్చుకి పనికొస్తుంది. దీనిలో మీరు డబ్బు పెట్టేది నీళ్లకి కరగని జిగురుకీ, గుల్లల మీద పెట్టిన కట్టుబాటుకీ. ఓకూమే చెక్కతో చేసిన తేలిక రకమైతే వంపు తిరిగిన అచ్చు తొక్కకి (పైన కప్పే పలకకి) చక్కగా ఒంగుతుంది. కానీ మెత్తన, టాగిల్ క్లాంపు కింద రెండు రోజుల్లో గుంట పడుతుంది.

ఎండీఎఫ్‌ని (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలకని) చిన్నచూపు చూడొద్దు. మట్టం విషయంలో, షీటంతా ఒకే మందం విషయంలో ప్లైని ఓడిస్తుంది. ఒకట్రెండు సార్లు వాడి పారేసే టెంప్లేటుకి, కొత్త ఆకారం ప్రయత్నించి చూడటానికి అదే సరి. అంచులో స్క్రూ వేస్తే చీలుతుంది, అంచుకి నీళ్లు తగిలితే ఉబ్బి మళ్లీ దిగదు, కింద పడితే మూల చితుకుతుంది. ఆరు నెలలు నిలవాల్సిన జిగ్గు దీనితో చెయ్యకండి.

రెసిన్ ఎక్కించి, గట్టిగా నొక్కి సాంద్రత పెంచిన చెక్క ఇంకోటుంది. నీళ్లలో మునిగేంత బరువు, ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాముల పైమాటే. లోహపు రేకు వంచే అచ్చులకి, వేలసార్లు అరిగే గైడ్లకి సరిపోతుంది. మామూలు చెక్క పనిముట్లతో దీని జోలికి వెళ్లొద్దు. లోహానికి వాడే బిట్లతోనే బెజ్జం వెయ్యాలి.

చాలామందికి తట్టని సరుకు డై బోర్డు. అట్టపెట్టెలు కత్తిరించే స్టీల్ రూల్ డైలు చేసేవాళ్లు వాడే 18 మి.మీ. ప్లై ఇది. లేజర్‌తో కోసిన సన్నటి గాడిలో బ్లేడు నిటారుగా, బిగుతుగా నిలవాలి కాబట్టి, మట్టం, మందం, గుల్లలు లేని గుజ్జు ఈ మూడింటికీ ఆ వృత్తిలో రాజీ ఉండదు. జిగ్గులు చేసేవాడికి కావాల్సినవీ అవే మూడు. డైలు చేసే వర్క్‌షాపుల్లో మిగిలే తుంటలు కూడా టెంప్లేటుకి సరిపోయే సైజులో ఉంటాయి. ఒక్క షరతు: అందులోని జిగురు తడికి తట్టుకునే రకం కాకపోవచ్చు. పొడి జిగ్గుకి కళ్లు మూసుకుని తీసుకోండి, తడి అచ్చుకైతే కింద చెప్పిన పరీక్ష చేశాకే.

అచ్చు దగ్గరికొచ్చేసరికి

వంచిన లామినేషన్ (పలచని చెక్క పొరల్ని వంచి ఒకదానికొకటి అతికించడం) అచ్చుకి షీట్లు దొంతరగా పేర్చాలి. 105 మి.మీ. వెడల్పు కావాలంటే 17.5 మి.మీ. షీట్లు ఆరు. అదే 108 కావాల్సిన చోట షీటు 18 అనుకుని ఆరే పెడితే, 3 మి.మీ. తక్కువ పడి మళ్లీ పలచని పలక వెతుక్కోవాల్సి వస్తుంది. మొదటి పొరని కచ్చితమైన ఆకారంలో తీర్చి నునుపు చేసుకోండి. మిగతావాటిని గీతకి 2, 3 మి.మీ. బయటగా కోసి, ఒక్కోటి అతికించి, బేరింగ్ బిట్‌తో కింది పొరకి సమంగా కత్తిరించుకుంటూ పైకి రండి. అన్నీ ఒకేసారి అతికిస్తే జిగురు జారుడుకి పొరలు పక్కకి జరుగుతాయి. పీవీఏ చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాములు పట్టిస్తే చాలు. స్క్రూలు బిట్ దారికి కనీసం 25 మి.మీ. దూరం. ఫిల్మ్ ప్లైని ఇలా పేర్చాలనుకోవద్దు, జిగురు పట్టదు. బోల్టులతో బిగించడం ఒక్కటే మార్గం.

రెండు ముక్కల అచ్చులో అందరూ చేసే పొరపాటు: ఒకే గీత మీద కోసి, ఆ రెండు సగాల్నీ మగ, ఆడ అచ్చులుగా వాడటం. లోపలి వ్యాసార్థం 300 మి.మీ., లామినేషన్ మందం 20 అయితే బయటి అచ్చు వ్యాసార్థం 320 ఉండాలి. ఒకే గీత మీద కోస్తే రెండూ 300లే అవుతాయి. కొనల దగ్గర ముందే నొక్కుకుని, నడుమ జిగురు వదులుగా ఉండిపోతుంది. పొర ఊడిపోయిందని తర్వాత జిగురు కంపెనీని తిట్టి లాభం లేదు.

వాక్యూమ్ బ్యాగు (లోపలి గాలి లాగేసి, బయటి గాలి ఒత్తిడితో పొరల్ని అచ్చుకి నొక్కే సంచి) వాడేవాళ్లు బరువు లెక్క మర్చిపోతారు. పూర్తి వాక్యూమ్ దగ్గరపడితే చదరపు మీటరు మీద 9 నుంచి 10 టన్నుల ఒత్తిడి పడుతుంది. అచ్చు లోపల డొల్లగా ఉంటే 12 మి.మీ. తొక్క కింద 100 నుంచి 150 మి.మీ.కి ఒక అడ్డపలక నిలబెట్టాలి. దూరం పెంచితే పలకల మధ్య తొక్క దిగి, వస్తువు మీద అలలు తేలతాయి. పైగా డొల్ల అచ్చు మొత్తాన్నీ బ్యాగులో పెడితే లోపలి గాలి బయటికి పోయేలా ప్రతి అరకీ బెజ్జం ఉండాలి.

అచ్చునే ఒక వైపు గోడగా చేసి, బ్యాగుని దాని ముఖానికి టేపుతో అంటిస్తే గాలి కారే సమస్య మొదలవుతుంది. ముఖం ఎంత నునుపుగా ఉన్నా అంచు పోగుల్లోంచి, గుల్లల్లోంచి గాలి దూరుతుంది. పంపు ఆపి గేజ్ చూడండి. సూది పడిపోతుంటే ముందు అనుమానించాల్సింది టేపుని, తర్వాత అంచుల్ని. అంచులకి పలచని ఎపాక్సీ రెండు పూతలు, మొదటిది పీల్చుకున్నాక రెండోది. స్క్రూ బెజ్జాలు కూడా మర్చిపోకండి. ఎపాక్సీ పూసేది చెక్క చల్లబడుతున్న వేళ, అంటే సాయంత్రం. పొద్దున్నే పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి, ఆరని ఎపాక్సీలోంచి బుడగలు తీస్తుంది. ఆ బుడగలు చిట్లిన ప్రతి చోటా సూదిమొన బెజ్జం మిగులుతుంది. దాంతో పూత వేసీ వెయ్యనట్టే. పూత రెండు ముఖాలకీ ఒకే మోతాదులో ఉండాలని మళ్లీ చెప్పనక్కర్లేదు.

అచ్చు ముఖానికి మైనం నాలుగైదు సార్లు, ప్రతిసారీ తుడిచి, కాస్త ఆగి మళ్లీ. కొత్త అచ్చుకి మొదటిసారి పైన పీవీఏ రిలీజ్ పూత (వస్తువు అచ్చుకి అంటకుండా వేసేది, పీవీఏ జిగురు కాదు) కూడా వెయ్యడం మంచిది. మొదటి తీతలోనే అచ్చులు ఎక్కువగా పాడవుతాయి.

కాంక్రీటు అచ్చుకి పచ్చి ప్లై వాడితే ఇంకో చిక్కు. చెక్కలోని చక్కెరలు సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. అచ్చు విప్పాక పై పొర వేలికి పొడిలా రాలుతుంది. మిశ్రమం తప్పని అనుకుని పాళ్లు మార్చుకుంటూ పోయేవాళ్లున్నారు. ఫిల్మ్ ప్లై అయితే ఈ బాధ లేదు, కానీ కోసిన ప్రతి అంచుకీ, ప్రతి బెజ్జానికీ రెండు పూతల పెయింటు పడాలి. లేకపోతే రెండు మూడు పోతల్లోనే అంచు ఉబ్బి, ఆ ఉబ్బు వస్తువు మూలల్లో పల్లంగా తేలుతుంది.

బిగింపులు

టాగిల్ క్లాంపుని చెక్క స్క్రూలతో బిగిస్తే అది వదులయ్యే రోజు ఖాయం. కింది నుంచి టీ-నట్ (చెక్కలో దిగే పళ్లున్న నట్టు), పై నుంచి మర బోల్టు వేస్తే జిగ్గు అరిగేదాకా నిలుస్తుంది. పదేపదే విప్పి బిగించే చోట ఇత్తడి మర ఇన్సర్ట్ (లోపల మర ఉండి, చెక్కలోకి తిప్పి దించే గొట్టం) పెట్టండి. ముఖంలో పెట్టినప్పుడు ఇబ్బంది లేదు. అంచులో పెడితే పొరల్ని విడదీస్తుంది. తప్పదనుకుంటే రెండు ముఖాల్నీ వైసులో నొక్కిపట్టి, బెజ్జం ముందు తుంట మీద వేసి చూసుకుని, నెమ్మదిగా తిప్పాలి. అంచులో 4 మి.మీ. స్క్రూకి 3 మి.మీ. బెజ్జం ముందే వెయ్యండి.

కొనేటప్పుడు

జిగురు పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 314లో ఆరుబయటికి పనికొచ్చే మూడో తరగతి జిగురుకి పెట్టే ఉడకబెట్టే పరీక్షకి ఇది దగ్గరగా ఉంటుంది. 75 మి.మీ. చదరపు ముక్కని 4 గంటలు మరిగే నీటిలో ఉంచండి. 60 డిగ్రీల వేడిలో 16 నుంచి 20 గంటలు ఆరబెట్టండి. మళ్లీ 4 గంటలు మరిగించి, చల్లనీళ్లలో వేసి, తడిగా ఉండగానే ఉలితో పొరలు విప్పండి. చెక్క పోగులు చిరిగితే జిగురు మంచిది. జిగురు గీత వెంట శుభ్రంగా ఊడొస్తే ముద్ర ఏదున్నా అది తడి అచ్చుకి పనికిరాదు. గీత ముదురు ఎరుపు గోధుమరంగులో ఉంటే ఫినాల్ జిగురని అందరూ చెబుతారు, చాలావరకు నిజమే. కానీ చవక జిగురుకి రంగు కలపడం ఎంతసేపు? మరిగే నీళ్లముందు రంగు నిలబడదు.

మట్టం చూసేటప్పుడు వంకకీ మెలికకీ తేడా తెలియాలి. వంక, అంటే షీటంతా ఒకే వంపు, అయితే భయపడక్కర్లేదు, అది పొడవు వర్గంతో తగ్గుతుంది. 2.4 మీటర్ల షీటులో 6 మి.మీ. వంక ఉంటే, అందులోంచి కోసిన 600 మి.మీ. ముక్కలో మిగిలేది 0.4 మి.మీ. లోపే. ఎస్ అక్షరంలా అలలు తిరిగిన షీటునీ, మూలకి మూల మెలిక పడ్డ షీటునీ మాత్రం వెనక్కి పంపండి. మూల నుంచి మూలకి రెండు దారాలు లాగి కట్టండి, నడుమ అవి ఒకదానికొకటి తగలాలి. మధ్యలో సందు కనిపిస్తే మెలికే. పై దారాన్ని కిందికి మార్చి కూడా ఒకసారి చూడండి, మెలిక ఏ దిక్కున ఉందో అప్పుడు తేలుతుంది.

దొంతరలో పై షీటు, అడుగు షీటు వద్దనండి. తేమ దెబ్బ తగిలేది ఆ రెంటికే. ఒక జిగ్గుకి కావాల్సినవన్నీ ఒకే కట్టలోంచి తీసుకుంటే మందం తేడా తగ్గుతుంది. పిడికిలితోనో సుత్తి పిడితోనో ముఖమంతా తడుతూ వెళ్లండి. గట్టి చప్పుడు మధ్యలో ఒక్కసారి డొల్ల శబ్దం వస్తే లోపల గుల్లో, పట్టని జిగురో ఉన్నట్టు. అక్కడ చాక్‌పీసుతో సున్నా చుట్టేయండి. కొట్లోనే కోసి ఇస్తామంటే మోతకి వీలుగా రెండు ముక్కలు చేయించుకోండి, కానీ ఆ కోతని తుది కొలతగా తీసుకోవద్దు, ప్రతి వైపూ 10 మి.మీ. అదనంగా పెట్టించుకోండి.

తెచ్చాక గోడకి వాల్చొద్దు. ఒకే మందం బద్దలు నాలుగైదు నేల మీద సమాన దూరంలో పరిచి, వాటి మీద పడుకోబెట్టి, పైన పాత షీటు కప్పండి. పై ముఖం తెరిచి ఉంచితే అది ఒక్కటే ఆరి, పైకి దోనెలా లేస్తుంది. రెండు మూడు రోజులు అలా వర్క్‌షాపు గాలికి అలవాటు పడ్డాక కాలిపర్ మళ్లీ పెట్టండి. కొన్న రోజు రాసుకున్న అంకెకీ దీనికీ 0.2 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే, షీటు ఇంకా సర్దుకుంటోంది. గాడి తియ్యడం ఇంకో రెండు రోజులు ఆపండి.